పై ఊరికి వెళ్ళిన ఎర్ర గుడ్లు

ఆ వసంతంలో మా ఇంటిల్లిపాదిలో బుర్ర సరిగ్గా పనిచేసింది నాకొక్కదానికేనని ఇప్పటికీ నా నమ్మకం. మా అమ్మ వెనేరాని అడగండి, కాదు తనకే అంటుంది. మా తమ్ముడు జుంబేర్‌ని అడిగితే నవ్వుతాడు. ముప్పై దాటిన మనిషి, గుమ్మంలో పక్కకి తిరిగితే తప్ప పట్టని మనిషి, చెవులు రెండూ ఉడికి చెదిరిన కుడుముల్లా అయిపోయిన మనిషి, ఏం అడిగినా చంటిపిల్లాడిలా నవ్వుతాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

జుంబేర్ రగ్బీ ఆటగాడు. మా దేశం జార్జియా జట్టులో ముందు వరుస, కుడి పక్క. రెండు జట్లూ తలలు దించి, భుజాలు కలిపి ఎద్దుల్లా తోసుకుంటాయే, ఆ తోపులాటలో ఎక్కువ బరువు ఎవడి మెడ మీద పడుతుందో వాడే మావాడు. పదిహేనేళ్ళుగా ఫ్రాన్సు క్లబ్బులకి ఆడుతూ, దేశం పిలిచినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి మెడ వంచుతూనే ఉన్నాడు. ఆ ఏడాది చివర్లో ప్రపంచ కప్పు. వాడి వయసుకి అదే ఆఖరుది. చలికాలంలో కుడి భుజం ఊడితే డాక్టర్లు కోసి, కుట్టి, మళ్ళీ నిలబెట్టారు. జాతీయ జట్టు కోచ్ ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడట: "జూలైలో శిబిరం. అందాకా ఆ భుజాన్ని పసిబిడ్డలా చూసుకో. మళ్ళీ ఊడితే నేను పిలవను, నువ్వు రాకు."

అలాంటి భుజం పెట్టుకుని వాడు ఎక్కడికొచ్చాడు? చక్కగా ఈస్టర్‌కి మా ఊరొచ్చాడు.

మా గురియా ప్రాంతంలో ఈస్టర్ అంటే చర్చీ, రొట్టే, వైనూ మాత్రమే అయితే నాకు ఏ బెంగా ఉండేది కాదు. మా కింద ఊరికీ, పై ఊరికీ మధ్య ఒకటే రోడ్డు. అటు చివర వాళ్ళ వాగు, ఇటు చివర మా వాగు. పండగ మధ్యాహ్నం మట్టీ రంపపు పొట్టూ కూరి, వైను పోసి కుట్టిన తోలు బంతిని పాదిరిగారు రోడ్డు మధ్యలో పైకి విసురుతారు. నిండు బిందెంత బరువుంటుంది. ఏ ఊరు తమ వాగు దాటిస్తే ఆ ఊరు గెలిచినట్టు. ఎవడైనా స్పృహ తప్పితే చెయ్యెత్తి అరవాలి, అందరూ ఆగాలి. అంతకుమించి రూలూ లేదు, రాయీ లేదు. గెలిచిన ఊరు ఆ బంతిని ఆ ఏడాది పోయిన తమవాళ్ళలో ఒకరి సమాధి మీద పెడుతుంది. ఈ ఆట పేరు లేలో. జాతీయ రగ్బీ జట్టు పేరు కూడా అదే. వాళ్ళు ఆ పేరు మా దగ్గర అరువు తీసుకున్నారనీ, ఇంకా తిరిగివ్వలేదనీ మా ఊళ్ళో అంటారు.

ఆ ఏడాది కింద ఊళ్ళో పోయింది మా నాన్న వలికో. కిందటి శరత్తులో ద్రాక్ష కోతలప్పుడు, నిచ్చెన దిగి, కూర్చుని, ఇక లేవలేదు.

నేను పుట్టింది కింద ఊళ్ళో, మెట్టింది పై ఊళ్ళో. నా మందుల కొట్టు రోడ్డు మీద సరిగ్గా రెండింటికీ మధ్య ఉంది. ఏటా ఈస్టర్ సాయంత్రం పక్కటెముకలు పట్టుకుని రెండు ఊళ్ళవాళ్ళూ మూలుగుతూ వచ్చేది నా దగ్గరికే. ఈ ఆట మీద నాకెంత భక్తో ఇంక మీరే ఊహించుకోండి.

జుంబేర్ సంచి దింపాడో లేదో ఒతియా బాబాయ్ దిగాడు. నాన్న తమ్ముడు. కింద ఊరి తరఫున ముందు నడిచేది ఆయనే.

"భుజం ఎలా ఉందిరా?"

"బాగుంది బాబాయ్."

"ఇంకేం మరి. ఈ ఏడు బంతి మీ నాన్నది."

"వాడు ఆడడు బాబాయ్," అన్నాను. "క్లబ్బుతో ఒప్పందం ఉంది. బయట ఎక్కడా రగ్బీ ఆడకూడదు."

"ఇది రగ్బీ కాదుగా!"

"రగ్బీ అయితే నయమే. రిఫరీ ఉంటాడు, అంబులెన్సు ఉంటుంది. ఇక్కడేముంది?"

"నువ్వున్నావుగా తల్లీ, కొట్టుతో సహా," అన్నాడాయన. జుంబేర్ పకపకా నవ్వాడు.

అమ్మ పొయ్యి దగ్గర మొక్కజొన్న రొట్టెలు తడుతోంది. వెనక్కి తిరక్కుండానే అంది: "నేనెవర్నీ ఏమీ అనడం లేదు. మీ నాన్న పక్కన పడుకున్న సెవెరియాన్ సమాధి మీద బంతి ఉంది. మీ నాన్న మీద గడ్డి ఉంది. అంతే."

"అన్నావు కదమ్మా! ఇంకా అనకపోవడమేమిటి?"

"గడ్డి ఉందన్నాను. లేదా?"

ఆ వారమంతా ఇదే వరస. నేను నెత్తీ నోరూ కొట్టుకోవడం, బాబాయ్ వచ్చి అగ్గి రాజేయడం, అమ్మ ఏమీ అనకుండానే అన్నీ అనడం, తమ్ముడు నవ్వడం. బంతి కుట్టే చోటికి చూసొస్తానని వెళ్ళి, బరువెంతుందో చూద్దామని ఎత్తాడట! "ఎడమ చేత్తోనే ఎత్తానక్కా" అని నాకే చెప్పుకున్నాడు, మెచ్చుకుంటాననుకుని.

శుక్రవారం అమ్మ గుడ్లకి రంగు వేస్తోంది. ఎర్ర రంగునిచ్చే మొక్క వేళ్ళు వేసి మరిగించిన నీళ్ళలో గుడ్లు ఉడుకుతుంటే ఇల్లంతా మట్టివాసన. ఒకటికి రెండు పెద్ద గుండిగలు పెట్టింది.

"ఊరందరికీ పెళ్ళి భోజనమా? ఇన్ని గుడ్లెవరికమ్మా?"

"పండగ కదే. వచ్చేవాళ్ళొస్తారు, పోయేవాళ్ళు పోతారు."

జుంబేర్ గరిటె పట్టుకుని గుడ్లు తిప్పుతున్నాడు. ఇదే అదననుకుని వాడి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఒట్టెయ్. ఆదివారం బంతి జోలికి వెళ్ళనని."

"వేస్తాలే అక్కా."

"వేస్తాలే కాదు. వెయ్."

"నాన్న మీద ఒట్టు. రోడ్డు పక్కనే నిలబడతా."

"నాన్న మీదొద్దు. ఆయన బతికుంటే ముందు నిన్ను తోసేది ఆయనే. నీ భుజం మీద వెయ్."

వాడు గరిటె పక్కన పెట్టి, కుడి భుజం మీద చెయ్యి వేసుకుని ఒట్టేశాడు. ఆ ఒక్కసారి మాత్రం నవ్వలేదు. నేలకేసి చూస్తూ మెల్లిగా అన్నాడు: "ఈ కప్పు ఆడేసి మానేస్తానక్కా. ఇదొక్కటీ ఆడాలి. లేకపోతే ఏ ఆసుపత్రి మంచం మీదో ముగిసిపోయినట్టుంటుంది నాకు."

ఆ మాట విన్నాక నా పట్టుదల మరింత పెరిగింది. అమ్మ విందో లేదో తెలీదు. గుడ్లు తీసి బుట్టల్లో పేరుస్తోంది.

ఇంటికెళ్తే మా ఆయన ఎల్గుజా కాచుకుని ఉన్నాడు. ఆయన పై ఊరి ముందు వరుస.

"మా బావమరిది ఆడతాడా లేదా?"

"ఆడడు."

"అయ్యో! వాణ్ణి మట్టి కరిపించాలని చలికాలమంతా ఒళ్ళు పెంచాను. ఈ పొట్టనేం చేసుకోను ఇప్పుడు?"

"బెల్టు పెట్టి కట్టుకో," అన్నాను.

ఆదివారం తెల్లారి ప్రార్థన అయ్యాక అమ్మ కనిపించలేదు. ఉపవాసం విడవడానికి రొట్టె, జున్ను, వైను అన్నీ బల్ల మీద పెట్టుకుని మేం కూర్చున్నాం. ఎప్పటికో ఖాళీ బుట్టలతో వచ్చింది.

"ఎక్కడికెళ్ళావమ్మా?"

"క్రీస్తు లేచాడని నలుగురికీ చెప్పొచ్చాను."

"వాళ్ళకి తెలీదా ఆ సంగతి?"

"తెలిసినా చెప్పాలి. పండగ," అంది, కాళ్ళు ఒత్తుకుంటూ.

మధ్యాహ్నం ఆట మొదలని తుపాకీ పేలింది, బంతి లేచింది, రెండు ఊళ్ళూ దాని కింద కూలబడ్డాయి. ఇంక మా రోడ్డు మీద ఉన్నదల్లా ఒకటే గుట్ట. వీపులు, కేకలు, చిరిగిన చొక్కాలు, మధ్యలోంచి అన్నం గిన్నె మూత తీసినట్టు లేచే ఆవిరి. అది అటు పది అడుగులు కదిలితే అటువాళ్ళు చప్పట్లు కొడతారు, ఇటు కదిలితే ఇటువాళ్ళు కొడతారు. కార్లన్నీ ఆపేశారు. పోలీసు కూడా టోపీ తీసి పక్కన పెట్టి చూస్తున్నాడు.

జుంబేర్ నా కొట్టు మెట్ల మీద నిలబడ్డాడు. వాడి చేతులు ఖాళీగా ఉండకూడదని దూది, కట్టు గుడ్డల సంచి వాడికిచ్చాను. ఆట మొదలైన దగ్గర్నుంచీ కాలు కాలిన పిల్లిలా మెట్టెక్కి దిగుతూనే ఉన్నాడు. గుట్ట నెమ్మదిగా పై ఊరి వైపు జారుతోంది. అందులోంచి ఒక చెప్పు పోగొట్టుకుని ఒతియా బాబాయ్ బయటపడ్డాడు. మమ్మల్ని చూసి గొంతు చించుకున్నాడు:

"చూడండర్రా! వలికో బంతి అటు పోతోంది, వలికో కొడుకు అక్క సంచి మోస్తున్నాడు!"

జుంబేర్ సంచిని చాలా మర్యాదగా నా చేతికిచ్చాడు.

"ఒక్క నిమిషం అక్కా."

"ఒట్టేశావురా!"

"కుడి భుజం మీదేగా వేశాను. ఎడమతో తోస్తా."

ఏం చెయ్యను? తాడిచెట్టెక్కేవాణ్ణి ఎంతవరకని కింద నుంచి పట్టుకుంటాం? తల దించి లోపలికి పోయాడు. ఆ వీపు గుట్టలో కలిసిపోయింది. నేను మెట్ల మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుని తిట్టుకున్నాను. వాణ్ణి, బాబాయిని, అమ్మని, బంతి కనిపెట్టిన మహానుభావుణ్ణి, ఎవర్నీ వదల్లేదు.

కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. గుట్ట మా వైపు వస్తోంది. రావడం కాదు, జారిపోతోంది. మావాళ్ళు సంతోషంతో వెర్రెత్తిపోతున్నారు. నేను ఏటా చూస్తాను కనుక నాకు తెలుసు, ఇది ఇలా కదలదు. ముందు వరుసలో మా ఆయన కనిపించాడు. బావమరిది మీద పడి తోస్తున్నట్టే ఉన్నాడు, కానీ ఆయన మా గేటుకి ఆనుకుని పక్కింటివాడితో కబుర్లు చెప్పేటప్పుడు కూడా సరిగ్గా అలాగే నిలబడతాడు.

అప్పుడు గుట్ట విడిపోయింది. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ పడిపోలేదు. రోడ్డు మధ్యలో జుంబేర్ ఒక్కడే, గుండెకి హత్తుకున్న బంతితో. ముందు ఖాళీ రోడ్డు, రోడ్డు చివర మా వాగు. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఏంటి బావా ఇది?"

"ఏముంది? వెళ్ళు."

"తొయ్యవేం?"

"తోస్తున్నాంగా."

"పదిహేనేళ్ళుగా నేను తింటున్న తిండే అది బావా. తోపేదో, తోడు నడవడమేదో నాకు తెలీదా?"

ఎల్గుజా పై ఊరివాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు బూట్ల వైపు చూసుకున్నారు. చివరికి ఆయన ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, నుజ్జునుజ్జయిన ఎర్ర గుడ్డు తీసి చూపించాడు. పెంకు, తెల్లసొన, దారప్పోగులు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. పక్కవాడూ జేబు తడుముకున్నాడు. వాడి పక్కవాడూ అంతే.

"మీ అమ్మ పొద్దున ఇంటింటికీ వచ్చిందిరా," అన్నాడు ఎల్గుజా. "వాడు లోపలికొస్తే భుజం కాయండి నాయనా అంది. పండగ పూట, ఆరు నెలలు కాలేదు మొగుడు పోయి, చేతిలో గుడ్డు పెట్టి అడిగితే కాదని ఎలా అంటాం? మాటిచ్చాం."

నేను కొట్టు మెట్లు ఎలా దిగానో నాకే తెలీదు. "నువ్వు కూడా తీసుకున్నావా? నాతో ఒక్క ముక్క చెప్పకుండా?"

"అత్తగారు గుడ్డిస్తే తీసుకోక ఏం చెయ్యను? పొదగేసి పిల్లలయ్యాక చెప్పనా?"

రోడ్డు పక్కన నల్లబట్టలేసుకున్న ఆడవాళ్ళలో అమ్మ నిలబడి ఉంది. ఏమీ ఎరగనట్టు.

"అమ్మా! వారం రోజులు గడ్డి గడ్డి అని వాణ్ణి ఎగదోసింది నువ్వు. ఇప్పుడిదేమిటి?"

"భుజం జాగ్రత్త, భుజం జాగ్రత్త అని నా చెవులు చిల్లులు పొడిచింది నువ్వు," అంది అమ్మ. "వాడు ఆగడు. వాడు ఆగనప్పుడు మిగతావాళ్ళనే కదే ఆపాలి?"

మా అమ్మ లెక్కలు ఇలా ఉంటాయి.

జుంబేర్ వంగి బంతిని రోడ్డు మీద పెట్టాడు. వాడి మొహంలో నవ్వు లేదు. అంతా వదిలేసి ఇంటికెళ్ళిపోతాడనిపించింది ఒక క్షణం. "దీన్ని నాన్న దగ్గరికి ఎలా తీసుకెళ్ళమంటావమ్మా?" అన్నాడు.

"ఎత్తరా! వాగు అదిగో!" అని ఒతియా బాబాయ్ అరిచాడు.

"నువ్వెత్తు బాబాయ్."

బాబాయ్ బంతిని చూశాడు, వాగుని చూశాడు. ఒంటి చెప్పుతో అక్కడే నిలబడిపోయాడు. ఇంత పట్టుదల మనిషీ ఒక్క అడుగు వెయ్యలేదు. రెండు ఊళ్ళూ రోడ్డు మీద నిలబడ్డాయి, మధ్యలో ఎవరికీ అక్కర్లేని బంతి. వెనకెక్కడో ఆగిన లారీవాడు హారను కొట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడు అమ్మ కదిలింది. గుంపు మధ్యలోంచి నడిచొచ్చి ఎల్గుజా ముందు చెయ్యి చాపింది.

"ఇటివ్వు అల్లుడూ, నా గుడ్డు."

ఆయన ఆ ముద్దని ఆమె చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని శాలువా చెంగులో వేసుకుని పక్కవాడి ముందు చెయ్యి చాపింది. తర్వాత ఆ పక్కవాడి ముందు. తినేశానని ఒకడు నసిగితే, "సరే, అరిగిపోయిందిలే" అంది. అలా వరసంతా తిరిగింది. కొడుకు వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

"ఇంక తొయ్యండి," అంది. వచ్చి నా పక్కన నిలబడింది. చెంగు గట్టిగా పట్టుకుని ఉంది.

ఆ తర్వాత సాయంత్రం దాకా నేను చూసింది మళ్ళీ వీపులే. పొద్దు వాలేవేళకి పై ఊరి వాగు అవతల మా ఆయన గొంతు వినిపించింది. గెలిచారు. మా తమ్ముడు అందరికంటే ఆఖర్న లేచాడు. పెదవి చిట్లింది, ఒక కన్ను మూసుకుపోయింది, ఒంటి మీద చొక్కా అనేది లేదు. నా ముందుకొచ్చి కుడి చెయ్యి నిటారుగా పైకెత్తాడు.

"చూడక్కా. ఊడలేదు."

అదే భుజం మీద ఒక్కటిచ్చాను. మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు.

బంతి పై ఊరి మంత్రసాని పెలగియా సమాధి మీదికి వెళ్ళింది. జుంబేర్‌ని ఈ లోకంలోకి లాగింది ఆవిడే కనుక బంతి మరీ పరాయివాళ్ళ చేతికేం పోలేదని మా ఆయన ఓదార్చబోయాడు. మర్నాడు అమ్మ నాన్న సమాధి దగ్గర మట్టి మీద ఎర్ర గుడ్డు దొర్లించి, వైను పోసి, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్టు చెప్పింది: "రాలేదయ్యా. కానీ తోశారు. చివర్లో నిజంగానే తోశారు."

జూలైలో జుంబేర్ శిబిరానికి వెళ్ళాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇంక వాడి భుజం మా ఊరి బాధ్యత కాదు. ఒతియా బాబాయ్ ప్రపంచ కప్పు చూడ్డానికని కొత్త టీవీ కొని, గోడకి మేకులు కొట్టించాడు. రెండు ఊళ్ళకీ అదే పెద్దది.

ఒక మధ్యాహ్నం అమ్మ ఇంటి వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. గేటు చప్పుడైంది. భుజాన సంచితో జుంబేర్. కుడి భుజానే వేసుకున్నాడు.

"ఊడిందా?" అన్నాను లేచి.

"లేదక్కా. బాగుంది."

"మరి తీసేశారా?"

"లేదు. జట్టులో ఉంటానని కోచే చెప్పాడు."

"మరి ఇక్కడేం చేస్తున్నావురా!"

మెట్టు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగాడు. "తోపులాట సాధనలో నా ఎదురుగా ఒక కుర్రాడు. కుతాయిసి పట్నం వాడు. నా స్థానానికే పోటీ. మొదట్లో బాగా తోశాడు, మెడ విరిచేస్తాడేమో అనుకున్నా. తర్వాత నేను గెలవడం మొదలుపెట్టాను. రోజూ గెలుస్తున్నా."

"సంతోషించక?"

"సంతోషించాను. రెండు రోజులు. మూడోరోజు తల దించి వాణ్ణి పట్టుకోగానే అర్థమైంది." నేల వైపు చూస్తూ చెప్పాడు. "బావ. ఈస్టర్ రోజు బావ ఎలా ఆనుకున్నాడో అలా ఆనుకుంటున్నాడు వాడు. పెద్దవాడు, ఆఖరి కప్పు, పోనీలే అనుకున్నట్టున్నాడు. మంచి పిల్లాడు. అంతకుముందైతే నాకు తెలిసేది కాదక్కా. నా బలమేనని మురిసిపోయేవాణ్ణి."

"అయితే అడగొచ్చుగా వాణ్ణి! సరిగ్గా తొయ్యమనొచ్చుగా!"

"అడిగాను. తోశాడు." చెంబు కింద పెట్టాడు. "ఆ చోటు వాడిదేనని కోచ్‌కి చెప్పి వచ్చేశాను."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. వారం రోజుల నా గొంతు, నా దూది, నా గుండెదడ, అన్నీ దేనికి? ఆ భుజాన్ని ఇంటికి మోసుకురావడానికా? చిక్కుళ్ళ చాట విసిరికొట్టేదాన్నే, అమ్మ గుమ్మంలో నిలబడి ఉండకపోతే. చేతుల నిండా మొక్కజొన్న పిండి. ఎప్పుడొచ్చిందో, మొత్తం వింది.

"ఒరేయ్, నేను వెళ్ళలేదురా," అంది. "మీ నాన్న మీద ఒట్టు. ఆ పిల్లాడి ఇల్లు ఎక్కడుందో కూడా నాకు తెలీదు."

జుంబేర్ లేచి వెళ్ళి పిండి అంటిన ఆ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"తెలుసమ్మా," అన్నాడు. "ఎవరూ అడక్కుండానే వాడు తగ్గాడు. అందుకే వచ్చేశాను."